అనంతపురం పాతూరులో కటింగ్ షాపు: అన్నీ బాగున్నాయి, ఒక్క మాట తప్ప

అయిదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను. ఒకటి ఎందుకు తగ్గించినానో, మూడు కాకుండా నాలుగు ఎందుకిచ్చినానో రెండూ చెప్పాలి. మా చిన్నోడిలాంటి బిడ్డ ఇంట్లో ఉండి, జుట్టు చెవుల మీదికి వచ్చిందంటేనే గుండె దడ మొదలయ్యే అమ్మలు, అక్కలు మన ఊళ్లో ఇంకా ఉంటారు. వాళ్ల కోసం రాస్తున్నాను.

చిన్నోడు మా తమ్ముడు. 1989లో పుట్టినాడు. డౌన్ సిండ్రోమ్. అందరికీ 21వ క్రోమోజోములు రెండుంటే వాడికి మూడు. మాట ముద్దగా వస్తుంది, కొత్తవాళ్లకు సగమే అర్థమవుతుంది. కానీ ఒక మనిషి మొహం ఒక్కసారి చూసినాడంటే ఇక మర్చిపోడు. నాయన ఉన్నన్నాళ్లూ కటింగుకు నాయనే పిల్చుకొనిపోయేవాడు. నాయన పోయినాక ఆ పని నాకొచ్చింది. మగవాళ్ల షాపులో నేనొక్కదాన్నే బెంచీ మీద కూర్చుంటే మొదట్లో నాకూ ఇబ్బందే, పేపర్ చదువుకునేవాళ్లకూ ఇబ్బందే.

ఈ షాపు దొరికేలోపల మూడు షాపులు తిరిగినాం. ట్రిమ్మర్ చప్పుడు చెవి దగ్గరికి వస్తే చిన్నోడు తల లాగేసుకుంటాడు. ఒకచోట ఇద్దరు భుజాలు పట్టుకొని కత్తిరించినారు. ఆ రాత్రి వాడు అన్నం తినలేదు. ఇంకొకచోట, "ఇట్లాంటోళ్లకు ఇంటికాడనే చేయించుకోండమ్మా, కస్టమర్లు ఇబ్బంది పడతారు" అని మొహం మీదే చెప్పినారు. మూడో చోట ఏమీ అనలేదు, గంటన్నర కూర్చోబెట్టి మా వెనక వచ్చినవాళ్లందరికీ చేసి పంపించినారు. అంతకంటే అనడమే నయం అనిపించింది.

ఇప్పుడు పోయేది పాతూరులో, టవర్ క్లాక్ నుంచి నడిచిపోయేంత దూరంలోనే. చిన్న సందు, మూడు కుర్చీలు, ఒక టీవీ. పేరు రాద్దామని ఆయన్ని అడిగితే, "పేరెందుకులేమ్మా, పని చూసి వచ్చేవాళ్లు వస్తారు" అన్నాడు. అందుకని రాయడం లేదు. కటింగ్ 120, షేవింగ్ 60. మా వాడికని ఎక్కువ అడగలేదు. "పాపం" అని తగ్గించను కూడా లేదు. ఆ రెండోది నాకు ఇంకా నచ్చింది.

మొదటిరోజు కుర్చీలో కూర్చోబెట్టినాక నా వైపు తిరగలేదాయన. అద్దంలో వాడినే చూస్తూ, "ఎంత తగ్గించమంటావప్పా?" అని అడిగినాడు. ముప్పై ఏళ్లు దాటిన మనిషిని కటింగ్ షాపులో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఈయనే. చిన్నోడు బొటనవేలూ చూపుడువేలూ దగ్గర పెట్టి ఇంత అని చూపించినాడు. ట్రిమ్మర్ తీసి, ఆన్ చేయకుండా వాడి చేతికిచ్చినాడు. వాడు తిప్పి చూసినాడు, బటన్ వాడే నొక్కినాడు, ఉలిక్కిపడి వాడే ఆపినాడు. "వద్దా? సరే, కత్తెరతోనే చేస్తా. పది లెక్కపెట్టు, పది అయ్యేసరికి ఒక చెవి అయిపోతుంది" అన్నాడు. చిన్నోడు ఆరు దాకా సరిగ్గానే చెప్తాడు, ఏడు దగ్గర ఎప్పుడూ ఆగిపోతాడు. ఆయన కత్తెర కూడా అక్కడే ఆగింది. ఎనిమిది అని వాడే దాటుకున్నాక మళ్లీ కదిలింది. మొత్తం కటింగ్ ముప్పావుగంట పట్టింది. వెనక ఇద్దరు వెయిట్ చేస్తున్నా ఆయన తొందరపడలేదు.

ఒక సంగతి అందరూ గుర్తుపెట్టుకోండి. కటింగ్ అయినాక తల నొక్కి, మెడ అటూ ఇటూ విరిచి "టక్" మనిపించే అలవాటు మన షాపుల్లో ఉంది. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో కొందరికి మెడ పైభాగంలో ఎముకల్ని పట్టి ఉంచే నరాల్లాంటి కట్లు వదులుగా ఉంటాయి. అట్లా విరిస్తే వెన్నుపాముకే ప్రమాదం. నేను చెప్పగానే, ఎందుకు ఏమిటని వాదించకుండా, పనిచేసే కుర్రోళ్లిద్దరినీ పిలిచి, "ఈయప్ప మెడ ముట్టుకోగూడదు, ఆదివారం రద్దీలో అయినా సరే" అని చెప్పినాడు. కూర్చునే ముందు మీరూ తప్పకుండా చెప్పండి.

ఇంక ఆ ఒక్క స్టారు సంగతి.

మేం పోయిన మూడోసారి. షాపులో పని నేర్చుకునే పిల్లోడు, పదిహేడు పద్దెనిమిదేళ్లుంటాయి, నీళ్ల స్ప్రే మూత సరిగ్గా బిగించలేదు. చిన్నోడి ఒళ్లో కప్పిన గుడ్డ మీద గ్లాసుడు నీళ్లు పడినాయి. ఓనరు వెనక నుంచి అరిచినాడు. "ఒరే మెంటల్, నీళ్లు అట్లనే పోస్తారా?"

కుర్చీలో ఉన్న చిన్నోడు "ఆఁ" అన్నాడు.

అని, కుర్చీ చేతుల మీద బలం పెట్టి లేవబోయినాడు. "నేను పోయలేదన్నా" అన్నాడు.

అద్దంలో ఆయన మొహం నాకు కనబడతా ఉంది. కత్తెర గాల్లోనే ఉంది. "నిన్ను కాదప్పా, ఈ పిల్లోణ్ని అన్న్యా" అన్నాడు. చిన్నోడు ఒప్పుకోలేదు. "నన్నే" అన్నాడు. కోపంతో కాదు. మనల్ని పేరు పెట్టి పిలిస్తే ఎట్లా పలుకుతామో అట్లా.

వాడు అట్లా అనడానికి కారణం నాకు తెలుసు. మేం చిన్నప్పుడున్న వీధిలో పిల్లలు క్రికెట్ ఆడేవాళ్లు. బాల్ కాలవలో పడితే "మెంటల్, బాల్ తీస్కరా" అని కేకేసేవాళ్లు. వాడు పరుగెత్తి పోయి, చెయ్యి పెట్టి తీసి, చొక్కాకు తుడిచి ఇచ్చేవాడు. ఆడించరు, బాల్ మాత్రం తెప్పించుకుంటారు. అయినా వాడికి సంతోషమే, పిలిచినారు కదా అని. ఏడెనిమిదేళ్లు వాడు ఆ వీధిలో ఆ పేరుతోనే బతికినాడు. ఇంట్లో పిలిచే పేరు ఒకటి, వీధిలో పిలిచే పేరు ఒకటి అని వాడి లెక్క.

ఆ రోజు బెంచీ మీద నా పక్కన ఒక రిటైర్డ్ లెక్చరర్ గారు కూర్చొని ఉన్నారు. నా కళ్లు తడిగా ఉండడం చూసినట్టున్నారు. మంచి మాటే చెప్పాలనుకున్నారు. "అమ్మా, మీరు మనసులో పెట్టుకోవద్దు. మెంటల్ అంటే ఇప్పుడు ఎవరూ రోగం అనుకోరు. ఇడియట్ కూడా ఒకప్పుడు డాక్టర్ల మాటేనంట కదా. ఇప్పుడు మొగుడూపెళ్లాలు ముద్దుగా అనుకుంటారు. వైద్యంలోంచి పోయిన మాట, అర్థం అరిగిపోయిన మాట. దానికి బాధపడితే ఎట్లా?"

నేను భవిత కేంద్రంలో, అంటే వైకల్యం ఉన్న పిల్లల కోసం ప్రభుత్వం పెట్టిన కేంద్రంలో, పిల్లలకు చదువు చెప్తాను. స్పెషల్ బీఎడ్ చదివినప్పుడు ఈ మాటల చరిత్ర మాకు పాఠమే. అందుకని ఆయన చెప్పింది అబద్ధం కాదని నాకు తెలుసు. 1910లో అమెరికాలో హెన్రీ గొడ్డార్డ్ అనే సైకాలజిస్టు గ్రీకు మాట ఒకటి పట్టుకొని 'మోరాన్' అని తయారుచేసినాడు. బుద్ధి ఎదుగుదల ఎంత తక్కువో చెప్పడానికి అప్పటికే ఉన్న ఇడియట్, ఇంబెసిల్ అనే రెండు మెట్ల మీద అది మూడో మెట్టు. తర్వాత ఐక్యూ లెక్కలతో 25 లోపు ఇడియట్, 50 లోపు ఇంబెసిల్, 70 లోపు మోరాన్ అని పుస్తకాల్లోకి ఎక్కింది. అవి తిట్లు కావు, రిజిస్టర్లో రాసుకునే మాటలు. ఆ మాటలతోనే మనుషుల బతుకులు నిర్ణయమైనాయి. క్యారీ బక్ అనే అమ్మాయికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయొచ్చని 1927లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మూడు తరాల ఇంబెసిల్స్ చాలు అని ఆ తీర్పులో జస్టిస్ హోమ్స్ రాసినాడు. ఆ మూడో తరం పాప, అంటే క్యారీ కూతురు, తర్వాత బడికి పోయి చక్కగా చదువుకుంది, బాగా చదివే పిల్లల జాబితాలో పేరు కూడా వచ్చింది.

అయినా ఇడియట్ విషయంలో లెక్చరర్ గారి మాట నేను ఒప్పుకుంటాను. నా దగ్గర చదివే పిల్లల ఫైళ్లలో ఆ మాట నేనెప్పుడూ చూడలేదు. మన వీధిలో "ఇడియట్" అని అరిస్తే "ఆఁ" అని పలికే మనిషి లేడు. అట్లాంటి మాటను అరిగిపోయిన మాట అనొచ్చు. మెంటల్ అట్లా కాదు. అది అరిగిపోయిందని చెప్పింది బెంచీ మీద కూర్చున్న మేం. కుర్చీలో కూర్చున్నవాడు అప్పుడే దానికి జవాబు చెప్పినాడు.

ఆయనకు ఇదంతా అక్కడ చెప్పలేకపోయినాను. "సార్, మీరు వినలేదా, వాడు పలికినాడు" అని మాత్రం అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత పేపర్ మడిచి పక్కన పెట్టినారు.

ఇంటికొచ్చి బీరువాలో చిన్నోడి ఫైలు తీసినాను. అందులో మూడు కాగితాలు ఉన్నాయి, మూడింటిలో మూడు పేర్లు. మొదటిది వాడు పుట్టినప్పుడు ఒక ఆసుపత్రిలో రాసిచ్చిన చీటీ. పసుపు రంగుకు తిరిగిపోయింది, మడతల దగ్గర చిరిగింది. దాని మీద ఇంగ్లీషులో 'మంగోల్ బేబీ' అని ఉంది. 1866లో డాక్టర్ లాంగ్‌డన్ డౌన్ ఈ పిల్లల కళ్లు చూసి మంగోలు జాతివాళ్లలాగా ఉన్నారని పెట్టిన పేరది. మంగోలియా దేశం అభ్యంతరం చెబితే జెనీవాలోని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1965లోనే ఆ మాట మానేసింది. జెనీవాలో చచ్చిపోయిన మాట, ఇరవై నాలుగేళ్ల తర్వాత అనంతపురం జిల్లాలో మా అమ్మ చేతికి వచ్చింది. అమ్మకు ఇంగ్లీషు రాదు. ఎవరో చదివి చెప్తే, బిడ్డ మంగళవారం పుట్టినాడు కదా, దాన్నే అట్లా రాసినారేమో అనుకుందంట. చాలా రోజులు అదే నమ్మకంతో ఉంది. ఈ సంగతి నాకు చెప్పేటప్పుడు అమ్మ నవ్వలేదు.

రెండోది తర్వాత తీసుకున్న సర్టిఫికెట్. 'మెంటల్లీ రిటార్డెడ్, మోడరేట్'. 1995 వికలాంగుల చట్టంలో ఉన్న మాటే అది. అప్పట్లో సికింద్రాబాద్‌లో ఉన్న జాతీయ సంస్థ పేరులో కూడా 'మెంటల్లీ హ్యాండిక్యాప్డ్' అనే ఉండేది. ఇప్పుడు ఆ సంస్థ పేరు మారింది, 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మాటా మారింది. మూడో కాగితం సదరం సర్టిఫికెట్. దాంట్లో మేధో వైకల్యం. కాగితం మారినప్పుడల్లా ఆఫీసుల్లో పాత మాట పోయింది. వీధిలో మాత్రం పోలేదు. ఆసుపత్రి వదిలేసిన మాటను వీధి ఏరుకుంటుంది. "ఎర్రగడ్డకు పంపాలి వీణ్ని" అని మనం ఎన్నిసార్లు వినలేదు? అక్కడ వైద్యం చేయించుకొని బాగుపడి వచ్చినవాళ్లు ఆ మాట విన్నప్పుడు ఏమనుకుంటారో ఒక్కసారి కూడా ఆలోచించం. 1912 నాటి లూనసీ (అంటే పిచ్చి) చట్టం పోయి 1987 చట్టం వచ్చింది, అదీ పోయి 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చింది. మన నోరు ఇంకా 1912 దగ్గరే ఉంది.

కొత్త మాటలు పెడితే చాలదని కూడా నాకు తెలుసు. మా బడి ఆవరణలో పిల్లలు కొట్లాడుకుంటే "పో, నువ్వు భవితకు పో" అని తిట్టుకోవడం నా చెవులతో విన్నాను. ఎంతో ఆశతో పెట్టిన పేరది. అట్లా అని పాత మాటనే ఉంచుకుందామా? నేను ఒప్పుకోను. తిట్టినవాడిని పిలిచి కూర్చోబెట్టి, భవితలో ఎవరు చదువుకుంటారో చూపించినాను. మరుసటి వారం నుంచి వాడే వచ్చి మా దగ్గరి పాప వీల్‌చైర్ తోస్తున్నాడు.

ప్రతి మాటనూ పట్టుకొని పీకే మనిషిని కాను నేను. పిచ్చి ఎండ, పిచ్చి ఆకలి అని నా నోట్లోనూ వస్తుంది. ఈ షాపులోనే రెండో కుర్చీ దగ్గర చేసే అతను మాట్లాడితే "తిక్కలోడా" అంటాడు. మన సీమలో తిక్క అంటే కోపం, మొండితనం అని కూడా. తిక్క లేచింది అని నాకూ రోజూ ఉండేదే. దానికి చిన్నోడు పలకడు, నేనూ పట్టించుకోను.

మరుసటి నెల షాపుకు పోవాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించినాను. చిన్నోడే "అన్న షాపుకు" అని చెప్పులు వేసుకొని తయారైనాడు.

పోయేసరికి ఓనరు ఆ పిల్లోణ్ని పేరు పెట్టి పిలుస్తున్నాడు. నేనేదో చెప్పినందుకు కాదు, నేనేమీ చెప్పలేదు. చిన్నోడు కూర్చోగానే, "నిన్ను ఏమని పిలవాలప్పా?" అని అడిగినాడు. చిన్నోడు ఇంట్లో పిలిచే ముద్దుపేరు చెప్పలేదు. "రమణ సార్" అన్నాడు. బడిలో పిల్లలు టీచర్లను అట్లా పిలవడం విని ఉంటాడు. అప్పటి నుంచి ఆ షాపులో వాడు రమణ సారే. "రాండి రమణ సార్" అంటే మా వాడు ముందు పౌడర్ బ్రష్ తీసి మెడ వెనక తనే రాసుకొని, తర్వాత కూర్చుంటాడు.

ఆ రోజు షాపులో ఎవరూ లేరు. ఓనరు కత్తెర ఆడిస్తూనే నాతో చెప్పినాడు. "మా నాయనకు ఒక పేరుందని మా ఊర్లో సగం మందికి తెలీదు మేడం. ఇంటింటికీ పోయి పనిచేసేవాడు. చిన్నపిల్లోళ్లు కూడా కులం పేరు పెట్టి ఒరే అనేవాళ్లు. నాయన పలికేవాడు. మొన్న మీ తమ్ముడు 'ఆఁ' అన్నాడు చూడు, సరిగ్గా మా నాయన పలికినట్టే ఉండె." అద్దం పక్కన ఒక పేపర్ కటింగ్ అతికించి ఉంది, అప్పుడు చూసినాను. నాయీ బ్రాహ్మణులను కించపరిచే పిలుపులు వాడొద్దని 2023లో మన రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన జీవో వార్త అది. రెండేళ్లుగా ఆయన కళ్ల ఎదురుగానే ఉంది. నేనూ ఎన్నిసార్లో ఆ అద్దంలో చూసినాను, చదవలేదు.

2016 చట్టంలో 92వ సెక్షన్ ఉంది. వైకల్యం ఉన్న మనిషిని నలుగురిలో కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి అయిదేళ్ల దాకా జైలు. 2024 జూలైలో సుప్రీంకోర్టు సినిమాల గురించిన తీర్పులో కూడా, ఇట్లాంటి పాత మాటలు మనుషుల విలువ తగ్గిస్తాయని చెప్పింది. ఆ చట్టం ఉండడం మాకు బలమే. కావాలని ఏడిపించేవాళ్లు ఉన్నారు, వాళ్ల కోసం అది ఉండాలి. ఈ షాపులో దాని అవసరం రాలేదు. ఆయన కావాలని అనలేదు. అద్దంలో ఒక మనిషి లేవబోవడం చూసినాడు, అంతే, ఆ మాట ఆ షాపులో ఆగిపోయింది. గత నెల ఒక కస్టమర్ ఫోన్లో ఎవరినో "మెంటల్ నా కొడుకు" అని తిడుతుంటే, ఓనరు అతని భుజం తట్టి, "ఈడ వద్దులేప్పా, సార్ ఉన్నాడు" అన్నాడు. అతను చిన్నోడి వైపు చూసి, ఫోన్ పట్టుకొని బయటికి పోయినాడు.

నాలుగు స్టార్లు అందుకే. అయిదోది ఇంకా ఇవ్వకపోవడానికి కారణాలు ఉన్నాయి. ఆ రోజు మాట ఒకటి. టీవీ సౌండు ఎక్కువ, మా వాళ్లలాంటి పిల్లలకు అది పెద్ద కష్టం, అడిగితే తగ్గిస్తారు కానీ ప్రతిసారీ అడగాలి. ముందర ఎత్తు మెట్లు రెండు, వీల్‌చైర్ ఎక్కదు. రెండో కుర్చీ అతను ఇంకా చిన్నోడితో మాట్లాడకుండా నాతోనే మాట్లాడతాడు. ఆదివారం పోవద్దండి, ఊపిరాడదు. మంగళవారం సెలవు. బుధ, గురువారాల్లో పొద్దున తొమ్మిదిన్నరకు పోతే ఖాళీగా ఉంటుంది, ఓనరే చేస్తాడు. ట్రిమ్మర్ వద్దని ముందే చెప్పండి, మెడ సంగతి చెప్పండి, మీ బిడ్డ పేరు చెప్పండి.

ఇట్లా రాస్తున్నానని, ఆ రోజు మాట కూడా రాస్తానని ఆయనకు చెప్పినాను. కాసేపు దువ్వెన తుడుచుకుంటూ నిలబడి, "రాయండి మేడం" అన్నాడు. "ఆ మెట్ల సంగతి కూడా గట్టిగా రాయండి. ఇంటి ఓనరు నేను చెప్తే వినడంలేదు."